సెంట్రింగ్ మేస్త్రి కేసు: బాప్తిస్మం అయినంక నేర్చుకునుడు ఎట్ల నడిచింది

ఇది దేవరకొండ వైపు మా సంఘంలో ఉన్న ఒక విశ్వాసి గురించి. పేరు రాయను, ఊరు రాయను. ఊర్ల అందరు మేస్త్రీ అనే పిలుస్తరు కాబట్టి నేనూ అదే రాస్తా. ఆయన్ని, ఇంటామెను, బిడ్డను ముగ్గుర్ని కూర్చోబెట్టి ఏది రాయొచ్చు ఏది రాయొద్దు అని అడిగి, వాళ్ళు సరే అన్నంకనే రాస్తున్న. పాస్టర్లు, సంఘ పెద్దలు, ఇండ్లల్ల కూడికలు నడిపే అక్కలు చదువుతరని రాస్తున్న, ఎందుకంటే మన దగ్గర ఏ ఏడు ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చినం అనే లెక్క ఉంటది గానీ, ఆ తీసుకున్నోళ్ళు పదేళ్ళ తర్వాత ఎట్లున్నరు, ఏం నేర్చుకున్నరు, ఎక్కడ ఆగిపోయిండ్రు అనేది రాసి పెట్టేటోళ్ళు చాన తక్కువ.

ఈ కేసులో నాకు అర్థమైంది ముందే చెప్తా. శిష్యునికి పాఠాలు మన పుస్తకం వరుసలో రావు, ఆయన బతుకు వరుసలో వస్తయ్. కూలి పైసల కాడ ఒకటి వస్తది, చావు కాడ ఒకటి, పొలం కాడ ఒకటి, బిడ్డ పెండ్లి కాడ ఒకటి. అది వచ్చిన రోజు వాక్యం పట్టుకొని పక్కన ఒక మనిషి ఉంటేనే అది పాఠం అయితది, లేకుంటె ఉత్త కష్టం లెక్కనే వచ్చి పోతది.

మేస్త్రి ఎవరు

సెంట్రింగ్ పని, అంటే స్లాబు పోసేటందుకు కింద పలకలు, జాకీలు కట్టే పని. చిన్నప్పుడు రెండో తరగతి దాకా పోయిండు, చదవరాదు, సంతకం పెడ్తడు. పాతికేళ్ళ వయసుల హైదరాబాద్ పోయి కూలిగా మొదలుపెట్టి, తర్వాత సొంత ముఠా పెట్టుకొని సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం దిక్కు స్లాబులు పోసేటోడు. వారమంతా సైటు మీద, శనివారం రాత్రి బస్సెక్కి ఊరు. కల్లు అలవాటు ఉండె, సైటు కాడ మందు కూడ. ఆయన ఇంట్ల ఎవరు క్రైస్తవులు కారు, ఇంటామె తరఫున మాత్రం మూడు తరాల నుంచి ఉన్నరు.

మా దిక్కు సువార్త కొత్తది కాదు అని మీకు తెలుసు. 1890 ప్రాంతంల రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద నల్గొండల పని మొదలుపెట్టిండ్రు, వాళ్ళు మెనొనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే క్రైస్తవ శాఖోళ్ళు. ఆ తర్వాత ఎంబీ మిషనే సొంతంగ నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల దిక్కు స్టేషన్లు పెట్టింది. ఆ రోజులల్ల బైబిల్ ఉమన్లు అనే అక్కలు ఊరూరు తిరిగి చదువు రాని ఆడోళ్ళకు వచనాలు, కీర్తనలు నోటికి నేర్పిచ్చేటోళ్ళు. పుస్తకం పట్టరాని ముసలమ్మ కూడ కొండమీది ప్రసంగం సగం అప్పజెప్పేది అంటే అది ఆ అక్కల కష్టం. మేస్త్రి ఇంటామె వాళ్ళ నాయినమ్మ అట్ల నేర్చుకున్నామెనే. కానీ ఆ ఇంట్ల రెండో తరం, మూడో తరం వచ్చేసరికి నేర్చుకునుడు బాప్తిస్మం కాడికే ఆగింది. పుట్టినోళ్ళకు ప్రతిష్ఠ, పెద్దోళ్ళకు బాప్తిస్మం, పెండ్లి, సమాధి, అంతే. చర్చికి మంచిగ వస్తరు, క్రిస్మస్‌కు కష్టపడ్తరు, ఇంక నేర్చుకునేది ఏముంది అన్నట్టు ఉంటరు.

మేస్త్రి 2012ల, ఇంటామెకు జబ్బు చేసి నయమైనంక, తానే అడిగి డిండి ప్రాజెక్టు నీళ్ళల్ల బాప్తిస్మం తీసుకున్నడు.

ఎట్ల మొదలుపెట్టినం

బాప్తిస్మానికి ముందు మా దగ్గర ఒక పాఠాల పుస్తకం ఉండె. పాపం, రక్షణ, బాప్తిస్మం, సంస్కారం (ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షారసం తీసుకునుడు), ప్రార్థన, దశమభాగం, అట్ల. చదవరానోళ్ళకు అది పనికిరాదు, వింటరు, తల ఊపుతరు, అయిపోతది. ఆయనకు ఫోన్ల మెమరీ కార్డు వేసి ఆడియో బైబిల్ ఇచ్చినం. రాత్రి సైటు మీద పడుకునేటప్పుడు వింటడు. ఆదివారం ఆరాధన అయినంక వేపచెట్టు కింద అరగంట కూర్చునేటోళ్ళం, ఊరికి రాని వారం రాత్రి ఫోన్ చేసేటోణ్ణి.

కూర్చున్నప్పుడు అడిగేది ఎప్పుడూ అవే. విన్నది నీ మాటలల్ల చెప్పు. ఇందుల యేసయ్య ఎట్లాంటోడు అని కనబడ్డది. ఈ వారం నువ్వు ఏం చెయ్యాలె. మల్ల వారం కూర్చోంగనే మొదట అడిగేది, పోయినసారి చేస్తనన్నది ఏమైంది అని. ఈ చివరిది లేకుంటె మిగతావి ఎన్ని అడిగినా బైబిల్ క్విజ్ అయితది. మత్తయి సువార్త చివర్ల ప్రభువు చెప్పింది కూడ ఇదే గదా, నేను ఆజ్ఞాపించినవన్నీ గైకొనేటట్టు బోధించమన్నడు, వినిపించి వదిలెయ్యమని అనలే. ఒక నోట్‌బుక్కుల ఆయనకు కొన్ని పేజీలు ఇడిచిపెట్టి తేదీ, విన్న భాగం, చేస్తనన్నది, చేసింది రాసుకుంట వచ్చిన, ఇప్పుడు రాస్తున్నదంతా ఆ నోట్‌బుక్కు ముందర పెట్టుకునే.

కూలి పైసలు

మేం ప్రార్థన గురించిన పాఠంల ఉన్నం. ఆయన ఒకరోజు ఫోన్ చేసి, "అయ్యగారూ, నిన్న రాత్రి యాకోబు విన్న, అది మేస్త్రీల గురించే రాసినట్టుంది" అన్నడు. ఐదో అధ్యాయం, పొలం కోసినోళ్ళకు ఇయ్యకుండ బిగపట్టిన కూలి మొర పెడుతున్నది అనే మాట. ముఠా మేస్త్రీలల్ల ఒక పద్ధతి ఉంటది, కూలోళ్ళు వేరే ముఠాకు పోకుండ ఒక వారం కూలి ఎప్పుడూ తన కాడ పట్టుకునే ఉంటడు. అడ్డా మీద అది తప్పు అని అనేటోడు లేడు, అందరు చేసేదే. ఆ పట్టుకున్న పైసలు మేస్త్రికి రొటేషన్‌కు పనికొస్తయ్. ఎవరన్న అలిగి మధ్యల పోతే ఆ వారం పైసలు పోయినట్టే.

నేను తీర్పు చెప్పలే, మూడో ప్రశ్న అడిగిన, ఈ వారం ఏం చేస్తవ్ అన్నా అని. చానసేపు మాట్లాడలే. శనివారం సైటుకు రమ్మన్నడు.

పోయిన. పొద్దు గూకుతుంది, స్లాబు కింద జాకీలు ఇంకా నిలబెట్టే ఉన్నయ్, కూలోళ్ళు కాళ్ళు చేతులు కడుక్కొని వస్తున్నరు, కోస్గి దిక్కు నుంచి వచ్చిన రెండు జంటలు, మిగతా మన ఊరోళ్ళు. మేస్త్రి తట్ట బోర్లేసుకొని దాని మీద కూర్చున్నడు. చదువు రాదు కాబట్టి ఆయన లెక్క గీతలల్ల ఉంటది, ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, పైన ఆ మనిషి గుర్తు, ఒకాయనకు గడ్డపార బొమ్మ, ఒకామెకు చిన్న బిందె బొమ్మ, కింద రోజుకు ఒక గీత, సగం రోజు పనికి సగం గీత. ఆ వారం కూలి ఇచ్చిండు. తర్వాత పేజీ వెనక్కి తిప్పి పట్టుకున్న వారం కూలి కూడ లెక్కబెట్టి ఇయ్యబట్టిండు. వాళ్ళకు ఏం అర్థం కాలే, పని బంద్ చేస్తున్నవా మేస్త్రీ, మమ్మల్ని ఎల్లగొడుతున్నవా అని అడిగిండ్రు. ఈయన తల ఎత్తకుండ "లేదు, ఇది మీదే" అని అంటున్నడు, గీత మీద గీత కొట్టేస్తున్నడు. బిందె బొమ్మ ఆమె ఏడాది కిందనే మానేసి పోయింది, ఆ పేజీ కాడ ఆగిండు. ఆమె మరిది ఇంకో సైటు మీద పని చేస్తున్నడని తెలిసి అతని చేత పంపిచ్చిండు, అది దసరా అయినంక. అన్నీ ఒక్కసారి అయితయ్ అనుకోవద్దు, ఆయన కాడ అన్ని పైసలు లేవు, దొరికిన కొద్దీ ఇచ్చిండు.

తర్వాత జక్కయ్య భాగం విని భయపడ్డడు, అన్యాయంగ తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తనన్న సుంకరి కథ అది. "నాలుగంతలు నాతోని కాదు అయ్యగారూ" అన్నడు. అసలు ఇచ్చుకుంట పో అన్నా, మిగతాది ప్రభువుతోని మాట్లాడుకో అన్న. ఆ తర్వాత ఆయన ముఠాల కూలి పట్టుకునుడు లేదు. కొందరు నిజంగనే వేరే ముఠాకు పోయిండ్రు, ఆ నష్టం ఆయన పడ్డడు, అది కూడ రాయాలె గదా.

ప్రార్థన పాఠం ఎటు పోయింది అంటరేమో. అది కూడ అప్పుడే నేర్చుకున్నడు. వేరేటోళ్ళ కూలి జేబుల పెట్టుకొని ప్రార్థన చేస్తుంటే నోరు రాలేదని ఆయనే చెప్పిండు.

నాయిన చావు, మల్ల మందు

2015ల వాళ్ళ నాయిన చనిపోయిండు. ఈయన పెద్ద కొడుకు. మా దగ్గర ఇట్లాంటి చావు కాడ మొదటి తరం విశ్వాసి ఎంత నలుగుతడో మీకు తెలుసు. పాలోళ్ళు మూడో రోజు పిట్టకు పెట్టాలంటరు, దినం నాడు యాట, కల్లు శాక అంటరు. ఇటు సంఘంల కొందరు ఏది ముట్టొద్దు, పోవద్దే పోవద్దు అంటరు. ఇద్దరి నడుమ కొడుకు నిలబడ్తడు, శవం ఇంట్ల ఉంటది, ఆలోచించే టైం ఉండది.

రాత్రి కూర్చొని మాట్లాడినం. తండ్రిని సన్మానించు అనేది దేవుని ఆజ్ఞే, కాబట్టి పాడె నువ్వు మోయి, స్నానం నువ్వు చేపియ్యి, వచ్చినోళ్ళకు బువ్వ నువ్వు పెట్టు, అమ్మను చూసుకో. చనిపోయినాయనకు శాక పోసుడు, పిట్టకు పెట్టుడు మాత్రం నువ్వు చెయ్యలేవు, ఎందుకు చెయ్యలేవో పాలోళ్ళకు కొట్లాడకుండ చెప్పు అని. అట్లనే చేసిండు, మంచిగనే చేసిండు. దినం నాడు పాలోళ్ళతోని కూర్చున్నడు, అక్కడ మల్ల తాగిండు. ఆ రోజుతోని ఆగలే, నెలలు నడిచింది.

సంఘ పెద్దలు సంస్కారం ఆపాలె అన్నరు, ఆపినం, అది సంఘ క్రమం. కానీ సంస్కారం ఆపి మనిషిని కూడ ఆపేస్తరు కొన్ని చోట్ల, అది నాకు నచ్చదు. బల్ల ఆపిన మనిషి ఇంటికి ఇంకా ఎక్కువ సార్లు పోవాలె. పోతే మంచం మీద గోడకు తిరిగి పడుకున్నడు. "బాప్తిస్మం పోయిందా అయ్యగారూ?" అని అడిగిండు. ఈ ప్రశ్న ఎంత మంది మనసుల ఉంటదో, అడగకుండనే ఎంతమంది చర్చి మానేస్తరో.

ఆ రోజు నుంచి మేం పేతురును పట్టుకున్నం. వేరే పాఠం లేదు, పేతురు ఒక్కడే, చానా నెలలు. గలిలయ సముద్రం కాడ వలలు విడిచి వచ్చినోడు. నీవు క్రీస్తువు అని ఒప్పుకున్నోడు, కాసేపటికే సిలువ వద్దని అడ్డం పడి సాతానా నా వెనుకకు పొమ్మని అనిపించుకున్నోడు. తోటల కత్తి దూసినోడు, అదే రాత్రి మంట కాడ నాకు తెల్వదు అన్నోడు. మల్ల నిప్పుల కాడ చేపలు కాల్చి పెట్టి, నన్ను ప్రేమిస్తున్నవా అని ప్రభువు మూడుసార్లు అడిగింది అతన్నే. మేస్త్రి ఆ యోహాను 21 ఎన్నిసార్లు విన్నడో. ప్రభువు పేతురును మల్ల బాప్తిస్మం తీసుకోమనలే, గొర్రెలను మేపమన్నడు, నన్ను వెంబడించు అన్నడు, అంటే మొదటి రోజు చెరువు ఒడ్డున పిలిచినట్టే మల్ల పిలిచిండు.

మందు మానుడు ఒక్కరోజుల కాలే. రెండుసార్లు మానిండు, మల్ల పట్టిండు, మూడోసారి నిలిచింది. ఆయన నిలబడ్డది నా ప్రసంగాలతోని కాదు, అదే దారిల వచ్చిన ఇంకో విశ్వాసి, ఆటో నడిపేటాయన, సాయంత్రం మందు టైముకు రోజూ ఫోన్ చేసేటోడు. ఏం మాట్లాడేటోళ్ళు అంటే స్లాబు గురించి, ఆటో గురించి, చివర్ల ఒక వచనం.

లాక్‌డౌన్ గురించి ఎక్కువ రాయను. 2020 మార్చిల పని బంద్ అయితే తన ముఠాల బయటి జిల్లాలోళ్ళను ఎల్లగొట్టకుండ కట్టేటి బిల్డింగులనే ఉంచి, దాచుకున్న చిట్టీ పైసలతోని బియ్యం తెచ్చి పెట్టిండు. నాకు తర్వాత తెలిసింది. నేను నేర్పలే, ఎవరూ చెప్పలే.

పొలం

ఇది కష్టమైన పాఠం. నాయిన పేరు మీద రెండెకరాల ఇరవై గుంటలు ఉండె. ఇద్దరు అన్నదమ్ములు, తమ్ముడు పుణెల ఉంటడు. నాయిన చనిపోయినంక పట్టా మొత్తం మేస్త్రి పేరు మీదికే వచ్చింది, తమ్ముడు ఊర్ల లేడు, సంతకం పెట్టిండు, అన్న ఇస్తడులే అనుకున్నడు. 2018ల పంట పెట్టుబడికి సర్కారు ఇచ్చే రైతుబంధు మొదలైనంక ఎకరానికి పంటకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు, మొత్తం ఈయన ఖాతాల్నే పడ్డయ్. అంతల భూముల రేట్లు పెరిగినయ్. తమ్ముడు నా వాటా అన్నడు, ఈయన చూద్దాం చూద్దాం అన్నడు.

లూకా 12ల ఒకడు వచ్చి, బోధకుడా, పిత్రార్జితంల నాకు పాలు పంచమని మా అన్నతోని చెప్పు అని అడుగుతడు గదా. ఆ భాగం వచ్చిన రోజు మేస్త్రి ముఖం వెలిగింది. "చూసినవా అయ్యగారూ, యేసయ్యే నేను పంచను అన్నడు, ఇది ఆయన చూసుకునే విషయం కాదు" అన్నడు. వాక్యాన్ని పట్టుకొని వాక్యం నుంచే తప్పించుకునుడు, పదేళ్ళ విశ్వాసి చేసే పని ఇది, కొత్త విశ్వాసికి చేతకాదు. నేను ఒకటే అడిగిన, ఆ వెంటనే లోభం గురించి జాగ్రత్త అన్నది ఎవరికి చెప్పిండు అన్నా, అడిగినోనికా, పంచకుండ కూర్చున్న అన్నకా, ఇద్దరికా. జవాబు రాలే. తర్వాత చాన నెలలు వేపచెట్టు కిందికి రాలే, ఆదివారం చర్చికి వస్తడు, ఆరాధన కాంగనే పోతడు.

ఇక్కడ తోటి సేవకులకు ఒక మాట. మనిషి దూరం జరిగినప్పుడు ఏదో చెడిపోయింది అనుకొని మనం కంగారు పడ్తం, ఎంట పడ్తం, లేకుంటె ఆదివారం ప్రసంగంల అతన్నే కొడ్తం. నేను నెలకొకసారి ఫోన్ చేసి ఆరోగ్యం అడిగి పెట్టేసేటోణ్ణి, పొలం మాట ఎత్తలే. ఆ టైముల లోపల పని జరుగుతనే ఉన్నది. ఇంటామె ససేమిరా అన్నదట, బిడ్డ పెండ్లికి ఉన్నది, అదే ఆధారం అని, ఆమె భయం తప్పు అనలేం. చివరికి 2022ల ఆయనే వచ్చి, భూముల రిజిస్ట్రేషన్‌కు అప్పుడున్న సర్కారు పోర్టల్ ధరణిల స్లాట్ ఎట్ల బుక్ చేస్తరు అయ్యగారూ అని అడిగిండు. తమ్ముణ్ణి పిలిపిచ్చి తహసీల్దార్ ఆఫీసుల సగం గిఫ్ట్ డీడ్ చేసి ఇచ్చిండు.

తమ్ముడు కౌగిలిచ్చుకొని ఏడ్చిండు అని రాస్తే మంచిగుండేది గానీ అట్ల జరగలే. ఇన్నేండ్ల రైతుబంధు పైసలు ఏవి అని అక్కడనే అడిగిండు. ఇప్పటికీ ఇద్దరికి సరిగ్గ మాటలు లేవు. ఆ రైతుబంధు బాకీ కొంచెం కొంచెం పంపుతున్నడు.

బిడ్డ పెండ్లి

కూలి పైసలు ఇచ్చిండు, మందు మానిండు, పొలం పంచిండు, ఇంక మేస్త్రి గట్టిపడ్డడు అనుకున్నం అందరం. అప్పుడు బిడ్డ వచ్చి ఒక పిల్లగాణ్ణి చేసుకుంటనన్నది. ఆమె నర్సింగ్ చదివింది, పిల్లగాడు జడ్చర్ల దిక్కు, క్రైస్తవ కుటుంబం, ఉద్యోగం ఉంది, ప్రార్థన ఉంది. వీళ్ళు మాదిగ, వాళ్ళు మాల.

నేను చాన ఇండ్లల్ల చూసిన, ఇక్కడికొచ్చేసరికి మన నోట్లె వాక్యం ఆగిపోతది. ఒకే చర్చిల కూర్చుంటం, ఒకే రొట్టె తింటం, క్రిస్మస్‌కు ఒకే బంతిల తింటం, కంచం పొత్తు ఉంటది, మంచం పొత్తు అనంగనే అందరికి కులం యాదికొస్తది. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ గొడవ కోర్టుల నడుస్తున్న రోజులు కూడ అవి, ఊర్ల మాటలు ఇంకా గట్టిగున్నయ్. మేస్త్రి నాతోని అన్న మాట నోట్‌బుక్కుల ఉన్నది ఉన్నట్టు రాసిన. "ఇది వాక్యం విషయం కాదు అయ్యగారూ, ఇది కులం విషయం." ఇంటామె తరఫోళ్ళు ఇంకా గట్టిగ అడ్డం పడ్డరు, మా తాతల కాలం నుంచి క్రైస్తవులం, మా ఇంట్ల ఎన్నడూ ఇట్ల జరగలే అని. మూడు తరాల విశ్వాసం ఈ ఒక్క గడప దాటలే.

మల్ల పేతురు కాడికే పోయినం. యొప్పేల మిద్దె మీద దుప్పటి దర్శనం చూసి, యూదుడు కాని కొర్నేలి ఇంట్లకు పోయి, దేవుడు పక్షపాతి కాడని తన నోటితోనే చెప్పినోడు, గలతీ 2ల అంతియొకయల యూదులు చూస్తరని భయపడి అన్యజనులతోని తినుడు మానేసిండు. పౌలు అందరి ముంగట నిలదీసిండు. చెరువు ఒడ్డు పిలుపు నుంచి అంతియొకయ దాకా సుమారు ఇరవై ఏండ్లు. పెంతెకొస్తు రోజు మూడు వేల మందికి బోధించినోడు, నేర్చుకున్న పాఠమే మల్ల బంతి కాడ కూర్చొని నేర్చుకోవాల్సి వచ్చింది. మేస్త్రి ఈ భాగం ముందు నమ్మలే, ఇంకోసారి పెట్టమన్నడు. తర్వాత కొన్ని రాత్రులు అదే విన్నడట.

వారం తర్వాత వచ్చి అడిగిండు, "పేతురు మల్ల వాళ్ళతోని తిన్నడా?"

గలతీల ఆ సంగతి రాయలే. కానీ రెండో పేతురు పత్రిక చివరి అధ్యాయం తీసి చదివిన, అక్కడ పౌలును మన ప్రియ సహోదరుడు అంటడు. మేస్త్రి కాసేపు నేల దిక్కు చూసి, "అందరి ముంగట నిలదీసినోణ్ణి తమ్ముడు అన్నడంటే, ఆ మాట విన్నట్టే గదా" అన్నడు. నేను బైబిల్ కాలేజీల చదివిన, ఆ రెండు చోట్లు కలిపి ఆ మాట నాకెవ్వరు చెప్పలే.

అట్లని తెల్లారి ఒప్పుకోలే. ఏడాది పట్టింది. ఆ ఏడాదిల ఆయన చేసిన పని ఒకటి ఉంది, ఎవరికి చెప్పకుండ జడ్చర్ల పోయి పిల్లగాని ఇంట్ల ఒక పూట ఉండి వచ్చిండు. అక్కడ పిల్లగాని నాయినతోని, ఆయన కూడ కట్టుబడి పని చేసినాయననే, పెండ్లి మాట కాకుండ పని మాటలే మాట్లాడుకున్నరట. పెండ్లి 2024ల అయింది, కట్నం మాట రాలే. ఇంటామె అన్నలల్ల ఒకాయన రాలే. ఈ మధ్య మేస్త్రి మనుమరాలి బారసాలకు ఆయన వచ్చిండు, భోజనం చేసి పోయిండు.

పద్ధతి గురించి

ఇది చదివి పాఠాల పుస్తకం పారెయ్యమని అర్థం తీసుకోవద్దు. పునాది పాఠాలు కావాలె. యాకోబు వినకుంటె కూలి సంగతి తట్టేది కాదు, పేతురు కథ ముందే తెలువకుంటె గలతీ అర్థమయ్యేది కాదు. క్రమంగ వాక్యం లోపలికి పోతుండాలె, ఎందుకంటే ఏది ఏ రోజు పనికొస్తదో మనకు తెల్వది. ఈ మధ్య కుర్ర కూలోళ్ళకు మేస్త్రే ఒక మాట చెప్తున్నడు, స్లాబు పోసిన రోజు ఫోటో దిగుతరు, కానీ తర్వాత రోజూ నీళ్ళు కొట్టకుంటె పగుళ్ళొస్తయ్, బాప్తిస్మం గూడ అంతే అని. ఇద్దరు పిల్లగాండ్లను కూర్చోబెట్టుకొని అవే ప్రశ్నలు అడుగుతున్నడు, చదవరాదు కాబట్టి ఫోన్ల పెట్టి వినిపిస్తడు. వాళ్ళు అడిగింది తెల్వకుంటె నాకు ఫోన్ చేస్తడు, అకుల ప్రిస్కిల్ల దంపతులు కూడ అపొల్లో అనే బోధకుణ్ణి ఇంటికి తీసుకపోయి ఇంకా వివరంగ చెప్పిండ్రు గదా, వాళ్ళది డేరాలు కుట్టే పనే.

ఇంకో సంగతి, ఒక్క పాస్టరు మీదనే ఆధారపడితే ఇది నడవదు. పాస్టర్లు మారుతుంటరు, చనిపోతరు. ఆ ఆటో అన్న లేకుంటె ఈ కేసు 2015ల్నే అయిపోయేది. ప్రతి విశ్వాసికి తన లెక్క మనిషే ఒకరు ఉండాలె. ఇంటామె నేర్చుకునుడు వేరే దారిల నడిచింది, అది పాస్టరమ్మతోని, నేను రాసుడు సరికాదు, పాస్టరమ్మ రాస్తే మంచిగుంటది.

ఫోన్లల్ల వచ్చే ప్రసంగాలు కూడ వింటడు, ఒక టైముల కానుక వేస్తే బాకీలు తీరుతయ్ అనే బోధ వెంట కొన్ని నెలలు తిరిగిండు. దాన్ని నేను వాదించి ఆపలే. ఇచ్చినంక ఏమైంది అన్నా అని అదే ప్రశ్న అడుగుకుంట వచ్చిన.

హెబ్రీ పత్రికల ఒక మాట నన్ను ఈ పనిల నిలబెడ్తది, ఆయన కుమారుడైయుండి కూడ తాను పొందిన శ్రమల వలన విధేయత నేర్చుకున్నడు అని. ప్రభువే నేర్చుకున్నడు అంటే యాభై దాటిన మేస్త్రికి, ఆయనతోని కూర్చునే నాకు ఇంక నేర్చుకునేది లేదు అని ఎట్లంటం.

ఇప్పుడు ఎక్కడున్నం

నడుము పోయింది, మోకాళ్ళు పోయినయ్, మేస్త్రి ఇంక స్లాబు ఎక్కలేడు. ముఠా కొడుకు చూస్తున్నడు. కొడుకు మల్ల కూలి పట్టుకునుడు మొదలుపెట్టిండు, ఒక వారం కాదు, రెండు వారాలు. పని తక్కువుంది, కూలోళ్ళు దొరుకుతలేరు, నాయినా నీ కాలం వేరు అంటున్నడట. మేస్త్రికి నిద్ర పడుతలేదు. తను మానేసింది కొడుకు చేస్తుంటే ఏం చెయ్యాలె, ముఠా తన పేరు మీదనే నడుస్తున్నది కాబట్టి ఆ పాపం ఎవరిది అని అడుగుతున్నడు.

ఇప్పుడు మేం మొదటి సమూయేలుల ఉన్నం. యాజకుడైన ఏలీ కొడుకులు చేసిన తప్పులు, ఏలీ అడ్డం పడకుండ ఊకున్నది, మల్ల ఎనిమిదో అధ్యాయంల సమూయేలంతటి మనిషి కొడుకులే లంచాలు తీసుకున్నది. విన్నంక ఈ వారం ఏం చేస్తవ్ అన్నా అని అడిగితే, పాత గీతల పుస్తకాలు అటక మీద ఉన్నయ్, అవి కిందికి దించి కొడుక్కు చూపిస్తనన్నడు. వచ్చే వారం మొదట అడిగేది అదే.